బిడ్డ నాదే, మరి నాదని ఎందుకు అనిపించట్లేదు సిస్టర్?

(గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆదివారం ఉదయం, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల తల్లిదండ్రులు, ఇంటి పెద్దవాళ్లు, ఆశా కార్యకర్తల ముందు ఒక సీనియర్ నర్సు మాట్లాడిన మాటలకు ఇది రాత రూపం.)

అందరికీ నమస్కారం. వెనక వరకూ వినిపిస్తోందా? సరే. పిల్లల్ని ఎత్తుకుని గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు లోపలికి రండమ్మా, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి, బయటికి తీసుకెళ్లక్కర్లేదు. నేను 24 ఏళ్లు ఆ ఏడుపు వినడం కోసమే ఉద్యోగం చేశాను. మా వార్డులో బిడ్డ గట్టిగా ఏడిచిందంటే ఊపిరితిత్తులు పనిచేస్తున్నట్టు, మాకు అంతకంటే మంచి కబురు ఉండదు.

నేను డాక్టర్ని కాదండీ, నర్సుని. పుట్టిన పిల్లల ఐసీయూలో పనిచేశాను. ప్రైవేటులో ఎన్‌ఐసీయూ అంటారు, గవర్నమెంటు ఆసుపత్రుల్లో ఎస్‌ఎన్‌సీయూ అని బోర్డు ఉంటుంది, మనవాళ్లు మాత్రం "బాక్సులో పెట్టారు" అంటారు. నరసరావుపేట నుంచి, సత్తెనపల్లి నుంచి, తెనాలి నుంచి, బాపట్ల నుంచి అర్ధరాత్రి అంబులెన్సులో వచ్చిన పిల్లల్ని చూశాను. మందుల గురించి, మిషన్ల గురించి డాక్టర్లు నాకంటే బాగా చెబుతారు. నేను ఈరోజు చెప్పేది ఒకే సంగతి, పగలు ఎవరూ అడగనిది, రాత్రి రెండింటికో మూడింటికో వార్డంతా సద్దుమణిగాక తల్లులు నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి అడిగేది.

"సిస్టర్, బిడ్డ నాదే కదా. మరి చూస్తుంటే నాదని ఎందుకు అనిపించట్లేదు?"

ఎంతమంది అడిగారో లెక్కపెట్టలేదు. చదువుకున్నవాళ్లు అడిగారు, చదువుకోనివాళ్లు అడిగారు, రెండో కాన్పువాళ్లూ అడిగారు. అడిగి వెంటనే చుట్టూ చూస్తారు, అత్తగారు గానీ అమ్మ గానీ విన్నారేమోనని. ఆ మాట పైకి అంటే తనను రాక్షసి అనుకుంటారని భయం.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది, కోల్డ్ స్టోరేజీల దగ్గర. మన గుంటూరులో ఆ పని ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, రోజంతా కాయల మధ్య కూర్చుంటే సాయంత్రానికి చేతులు ఎర్రబడి మండుతూ ఉంటాయి, ఆ చేత్తో కళ్లు కూడా తుడుచుకోలేరు. బీపీ బాగా పెరిగిపోయి ముప్పై ఒకటో వారంలో పెద్ద ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, కిలో మూడొందల గ్రాములు. నాలుగో రోజు తల్లిని వీల్‌చెయిర్‌లో లోపలికి తెచ్చాం. పిల్ల దగ్గర అరగంట కూర్చుంది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, చీర కొంగు చుట్టేసుకుని కూర్చుంది. ముట్టుకోమ్మా అన్నాను. తల అడ్డంగా ఊపింది. మర్నాడూ అంతే. మా జూనియర్ సిస్టర్ ఒకామె "ఆవిడకి ఆడపిల్లని ఇష్టం లేనట్టుంది మేడమ్" అంది. నాకూ ఒక క్షణం అలాగే అనిపించింది, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. మూడో రోజు పక్కన కూర్చుని మెల్లగా అడిగితే అప్పుడు చెప్పింది. "నా చేతులకి కారం ఉంటుందండీ. ఎన్నిసార్లు కడిగినా పోదు. దాని ఒళ్లు చూడండి, పొర లాగా ఉంది. ముట్టుకుంటే మండుద్దేమో."

పని మానేసి అప్పటికి మూడు వారాలు దాటింది. చేతుల్లో కారం ఏమీ లేదు. కానీ ఆ భయం ఉంది చూశారా, అది నిజం. నెలలు నిండని పిల్లల చర్మం నిజంగానే పొరలాగా ఉంటుంది, లోపల నరాలు కనిపిస్తాయి. ఆమె చూసింది తప్పు కాదు. ముట్టుకోకుండా ఉండటమే ఆమెకు తెలిసిన ప్రేమ. బయట నుంచి చూసిన మాకు అది ఇష్టం లేకపోవడంలా కనబడింది. తల్లీబిడ్డల మధ్య ఏం జరుగుతోందో పైనుంచి చూసి తీర్పు చెప్పేయకూడదని నేను నేర్చుకుంది ఆమె దగ్గరే. ఆమె కథ మళ్లీ చెబుతాను.

ముందు కొన్ని లెక్కలు త్వరగా చెప్పేస్తాను. 37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండని బిడ్డ అంటారు. 32 వారాల లోపు పుడితే ఇంకా జాగ్రత్త కావాలి, 28 లోపైతే చాలా కష్టం. 2020లో ప్రపంచం మొత్తం మీద ఇలా పుట్టిన పిల్లలు సుమారు 1 కోటీ 34 లక్షలు, అంటే పది మందిలో ఒకరు. అందులో 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు, మరే దేశంలోనూ అంతమంది లేరు. కాబట్టి ఇది మన ఇంటికే పట్టిన శని అనుకోకండి, ప్రతి వీధిలోనూ ఉంది. ఇంకో మాట. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని మన పెద్దవాళ్లు అంటారు. అది నిజం కాదు. కడుపులో ఎన్ని వారాలు ఎక్కువ ఉంటే అంత మంచిది, ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డ కంటే ఎక్కువ బలం ఉంటుంది. ఈ ఒక్క మాట వల్ల ఎనిమిదో నెలలో కన్న తల్లులు బిడ్డ మీద ఆశ వదిలేసుకోవడం నేను కళ్లారా చూశాను.

ఇప్పుడు అసలు సంగతి. ఎందుకు అనిపించదు?

మామూలు కాన్పులో ఏమవుతుంది? తొమ్మిది నెలలు మనసు తయారవుతూ ఉంటుంది. సీమంతం, పుట్టింటికి రావడం, పాత మెత్తటి చీరలు ఏరి పొత్తిళ్లకు పక్కన పెట్టుకోవడం, ఇవన్నీ వేడుకలే కాదు, మనసును సిద్ధం చేసే పనులు కూడా. ఏడో నెలలో కాన్పైన తల్లికి ఇవేవీ జరగలేదు. నిన్నటి వరకూ బట్టలుతుక్కుంటూనో ఆఫీసుకెళ్తూనో ఉంది, ఈరోజు ఉమ్మనీరు పోయింది, సంతకాలు పెట్టించుకున్నారు, మెలకువ వచ్చేసరికి కడుపు ఖాళీ, పక్కన ఉయ్యాల లేదు. ఎవరో ఫోనులో ఫొటో చూపించారు. ఆ ఫొటోలో ముక్కుకి గొట్టం, నోట్లో గొట్టం, కాలికి వైరు, కళ్ల మీద పట్టీ. ఆమె తొమ్మిది నెలలు ఊహించుకోవాల్సిన బొద్దుబిడ్డకీ, ఆ ఫొటోలో ఉన్న బిడ్డకీ పోలికే లేదు. "ఇది నీ బిడ్డ" అంటే బుర్ర ఒప్పుకుంటుంది, మనసుకి టైం పడుతుంది. అంతే కదా.

రెండోది, ఇది చెప్పడానికి నాకు కష్టంగా ఉంటుంది, కానీ చెప్పాలి. చాలా ఇళ్లలో పెద్దవాళ్లే తల్లిని ఆపుతారు. "లోపలికెళ్లి ఎక్కువ చూడకు. మమకారం పెరుగుతుంది. రేపు ఏదన్నా అయితే తట్టుకోలేవు" అంటారు. పేరు పెట్టొద్దంటారు. ఎవరికీ చెప్పొద్దంటారు. ప్రేమతోనే అంటారు, కూతురు ఏమైపోతుందోనని అంటారు, నాకు తెలుసు. కానీ అమ్మా, అత్తయ్యగారూ, ఇక్కడ పెద్దవాళ్లు చాలామంది కూర్చున్నారు కాబట్టి చేతులు జోడించి చెబుతున్నాను, చూడకపోతే దుఃఖం తగ్గదు. బిడ్డ దక్కని తల్లుల్ని కూడా నేను దగ్గరగా చూశాను. ఒక్కరోజైనా గుండెకి హత్తుకున్న తల్లి ఏడ్చింది, చాలా ఏడ్చింది, కానీ "నేను దానికి పాలు పట్టాను సిస్టర్, నా వేలు పట్టుకుంది" అని చెప్పుకోగలిగింది. అసలు చూడనివ్వని తల్లికి చెప్పుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు. ఏళ్ల తర్వాత కూడా ముఖం ఎలా ఉండేది సిస్టర్ అని నన్ను అడిగినవాళ్లున్నారు. అలాంటిది ఇంకే తల్లికీ రాకూడదు. ఇక బతికి ఇంటికొచ్చే పిల్లలే ఎక్కువమంది కదా, వాళ్లకి మొదటి నెల తల్లి లేకుండా చేసేది ఈ మాటే.

నా సంగతి కూడా చెబుతాను. మా చిన్నబ్బాయి 30వ వారంలో పుట్టాడు, 1240 గ్రాములు. అప్పటికి నేను ఈ వార్డులోనే ఏడేళ్లుగా పనిచేస్తున్నాను, వందల మంది పిల్లల్ని ఈ చేతులతో తిప్పాను. నన్ను చేర్చింది మాత్రం వేరే ఆసుపత్రిలో, పేరు అనవసరం. అక్కడ తల్లుల్ని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. సాయంత్రం పది నిమిషాలు అద్దం బయట నుంచి చూపించేవాళ్లు, అదీ తండ్రికి. ఇన్‌ఫెక్షన్ వస్తుందని కారణం. తొమ్మిది రోజులు నేను మా అబ్బాయిని చూడలేదు. పదో రోజు లోపలికి వెళ్లాను. వెళ్లి ఏం చేశానో తెలుసా? మానిటర్ చూశాను. సాచురేషన్ ఎంత, హార్ట్ రేటు ఎంత, డ్రిప్ ఎన్ని మిల్లీలీటర్లు. కేస్ షీట్ చదివాను. డ్యూటీ నర్సు లాగా చూసి బయటికి వచ్చాను. మా ఆయన "ఎలా ఉన్నాడు?" అని అడిగితే "స్టేబుల్" అన్నాను. ఆయన నా ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయారు. ఆ రాత్రి పడుకుంటే అర్థమైంది, పరాయి పిల్లల్ని చూసి కళ్లనీళ్లు పెట్టుకునే నాకు నా కొడుకు దగ్గర ఏమీ రాలేదని. అంత ఒంటరితనం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

అందుకే ఆ ప్రశ్న అడిగిన ఏ తల్లినీ నేను వింతగా చూడను.

మన చేతికి ఈ బాక్సు, అంటే ఇంక్యుబేటర్, ఎలా వచ్చిందో ఒకసారి చూస్తే ఈ ఎడబాటు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. 1880 ప్రాంతంలో పారిస్‌లో స్తెఫాన్ తార్నియే అనే ప్రసూతి డాక్టరు, కోడిగుడ్లు పొదిగించే పెట్టెను చూసి, ఇలాంటిదే నెలలు నిండని పిల్లలకి చేస్తే వెచ్చగా ఉంటారు కదా అనుకుని చేయించాడు. నిజంగానే చాలామంది బతికారు. ఆయన శిష్యుడు పియేర్ బుదాన్ మాత్రం ఇంకో సంగతి గమనించాడు. బిడ్డను పెట్టెలో పెట్టి తల్లిని దూరం చేస్తే, కొన్నాళ్లకి తల్లికి ఆ బిడ్డ మీద ఆసక్తి తగ్గిపోతోందని. అందుకని తల్లుల్ని దగ్గరే ఉంచి పాలివ్వమనేవాడు. వందేళ్లకి ముందే ఒక మగ డాక్టరు గమనించిన మాట అది. తర్వాత ఆసుపత్రులు పెద్దవయ్యాయి, ఇన్‌ఫెక్షన్ భయం పెరిగింది, తల్లి మళ్లీ అద్దం బయటకి వెళ్లిపోయింది.

మళ్లీ లోపలికి తెచ్చింది డబ్బున్న దేశం కాదు. కొలంబియా అని దక్షిణ అమెరికాలో ఉంది, దాని రాజధాని బొగోటాలో పేదవాళ్ల ప్రసూతి ఆసుపత్రి. 1978లో అక్కడ ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెట్టేవాళ్లు. ఒకరి ఇన్‌ఫెక్షన్ ఇంకొకరికి అంటేది. తల్లులు బిడ్డల్ని అక్కడే వదిలేసి వెళ్లిపోవడం కూడా జరిగేది. అప్పుడు ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టరు, మిషన్లు లేకపోతే తల్లి ఒంటి వేడి ఉంది కదా అని, బిడ్డను తల్లి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టి కట్టించాడు. కంగారూ తన సంచిలో పిల్లను పెంచినట్టు. అదే ఇవాళ మనం కేఎంసీ అనేది, కంగారూ మదర్ కేర్. దిక్కులేక చేసిన పని అనుకున్నారు చాలాకాలం, మిషన్లు కొనలేని వాళ్ల కోసం అనుకున్నారు.

అది తప్పని తేల్చిన వాటిలో మన దేశం కూడా ఉంది. ఢిల్లీలో సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి, ఇంకా ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో ఒక్కో ఆసుపత్రి కలిసి ఒక పరీక్ష చేశాయి, 2021లో ఫలితం వచ్చింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు పిల్లలు, మూడు వేల మంది పైగా. సగం మందికి పాత పద్ధతి, అంటే ముందు బాక్సు, బిడ్డ కుదుటపడ్డాక కంగారూ. మిగతా సగానికి పుట్టగానే తల్లి గుండె మీదే, రోజుకి దాదాపు 17 గంటలు. తల్లీబిడ్డా ఇద్దరూ ఒకే ఐసీయూలో. నెల లోపు చనిపోయినవాళ్లు పాత పద్ధతిలో నూటికి 15.7 మంది, కొత్త పద్ధతిలో 12 మంది. అంటే మరణాలు నాలుగో వంతు తగ్గాయి. తేడా అంత స్పష్టంగా కనబడేసరికి, ఇక మిగతా పిల్లలకి ఇది ఇవ్వకుండా ఆపడం న్యాయం కాదని పరీక్షను ముందే ఆపేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే చెప్పింది, పుట్టగానే మొదలుపెట్టండి, రోజుకి 8 నుంచి 24 గంటల వరకూ ఎంత వీలైతే అంత. వెంటిలేటర్ మీద ఉన్న పిల్లలు, సొంతంగా ఊపిరి తీసుకోలేనివాళ్లు, షాక్‌లో, అంటే రక్తప్రసరణ బాగా పడిపోయి ఉన్నవాళ్లు, వీళ్లకి మాత్రం డాక్టరు చెప్పేదాకా ఆగాలి.

మనకి ఆశ్చర్యమా ఇది? వానలో కోడిని చూడండి, పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంటుంది.

ఎలా చేయాలో చెబుతాను, ఇది వివరంగా వినండి. బిడ్డకి డైపరు, టోపీ, సాక్సు మాత్రమే. తల్లి జాకెట్టు ముందు వైపు విప్పుకునేది వేసుకోవాలి. బిడ్డను నిలువుగా, రెండు రొమ్ముల మధ్య, కప్ప లాగా కాళ్లూ చేతులూ ముడిచి ఆనించాలి. తల ఒక పక్కకి తిప్పి, మెడ కొంచెం పైకి ఉండాలి, ముక్కు మూసుకోకూడదు, అది మీకు ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. పైన మెత్తటి గుడ్డతో కట్టుకోవాలి. ఒక్కసారి పెట్టుకుంటే గంటకి తగ్గకుండా ఉంచండి, పది నిమిషాలకోసారి తీసి పెడుతూ ఉంటే పిల్ల అలిసిపోతుంది. "రోహిణీ కార్తె ఎండల్లో ఇదేంటి సిస్టర్, చెమటలు" అంటారు. ఫ్యాను వేసుకోండి, గాలి నేరుగా బిడ్డకి తగలకుండా చూసుకోండి. ఈ పిల్లల ఒంట్లో కొవ్వు ఉండదు, మనకి ఉక్కపోసే గదిలో కూడా వాళ్లకి చలి వేస్తుంది. వాళ్ల వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి, మీ గుండె మీద ఉంటే అది అలా నిలబడుతుంది.

ఆ మిరపకాయల అమ్మాయికి కూడా ఇదే చేశాం. చేతులు వద్దంటే మానెయ్, గుండె మీద పెట్టుకో, గుండెకి కారం లేదుగా అన్నాను. పిల్లని పెట్టి గుడ్డ కట్టాం. చేతులు గాల్లో పెట్టి కూర్చుంది, ఎక్కడ పెట్టాలో తెలియక. పిల్ల ఊపిరి అప్పటిదాకా గబగబా, ఆగి ఆగి వస్తోంది, కాసేపటికి నెమ్మదించింది, మానిటర్ మోత ఆగింది. ఇంకో అరగంటకి చూస్తే ఆమె చెయ్యి ఒకటి దిగి పిల్ల వీపు మీద ఉంది. తనకి తెలియకుండానే పెట్టింది. నేను ఏమీ అనలేదు, లైటు కొంచెం తగ్గించి వచ్చేశాను. వెళ్లే రోజున ఆ పిల్ల 1860 గ్రాములు. గుండె మీద కట్టుకునే బస్సెక్కింది.

నా సంగతి కూడా అంతే. పదకొండో రోజు ఒక పెద్ద సిస్టరు, ఆవిడ రూలు పక్కన పెట్టి రాత్రి డ్యూటీలో మా వాణ్ని తీసుకొచ్చి నా మీద పెట్టింది. మొదటి రోజు ఏ వెలుగూ రాలేదండీ. అందరూ పెట్టుకోగానే కన్నీళ్లు వచ్చేశాయి అని చెబుతారు, నాకు రాలేదు. నాలుగో రోజో ఐదో రోజో, వాడికి ఎక్కిళ్లు వచ్చాయి. కడుపులో ఉన్నప్పుడు కూడా సాయంత్రం పూట వాడికి ఎక్కిళ్లు వచ్చేవి, పొట్ట టక్ టక్ అని ఎగిరేది. అదే లయ, ఇప్పుడు బయటి నుంచి నా పొట్టకి తగిలింది. ఓరి, నువ్వా! అనుకున్నాను. అప్పుడు ఏడ్చాను.

1970లలో అమెరికాలో క్లౌస్, కెనెల్ అని ఇద్దరు డాక్టర్లు, పుట్టిన మొదటి గంటల్లో తల్లీబిడ్డా కలిసి ఉంటే బంధం బాగా కుదురుతుందని చెప్పారు. వాళ్ల వల్ల చాలా ఆసుపత్రుల తలుపులు తల్లులకి తెరుచుకున్నాయి, అది మేలే. కానీ దాన్ని పట్టుకుని, ఆ మొదటి గంటలు పోతే ఇక బంధం పోయినట్టే అనే భయం కూడా వ్యాపించింది. తర్వాత జరిగిన పరిశీలనల్లో అది నిలవలేదు. మనిషి బంధం సిమెంటు కాదు, గంటలో గట్టిపడిపోవడానికి. పది రోజులు ఆలస్యమైనా, నెల ఆలస్యమైనా కుదురుతుంది. మీలో ఎవరైనా ఇన్నాళ్లూ నేను మొదటి రోజు దగ్గర లేను, నా బిడ్డకి అన్యాయం చేశాను అని కుమిలిపోతుంటే ఈరోజుతో ఆ బరువు దించేయండి.

ఇంకొకటి. ఈ పిల్లలు మామూలు పిల్లల్లాగా పలకరించరు. నవ్వరు, కళ్లలోకి చూడరు, ఎత్తుకుంటే ముడుచుకుపోతారు. తల్లికి "దీనికి నేనంటే ఇష్టం లేదు" అనిపిస్తుంది. వాళ్ల భాష వేరమ్మా. వేళ్లు విసనకర్రలా చాపిందంటే, తుమ్మిందంటే, ఆవలించిందంటే, ముఖం పక్కకి తిప్పేసిందంటే "ఇక చాలు, కాసేపు ఆగు" అని అర్థం. అసహ్యం కాదు, అలసట. చెయ్యి నోటి దగ్గరకి తెచ్చుకుంటే, ఒళ్లు వదులు చేసి నీ వైపు చూస్తూ ఉంటే "ఉండు, బాగుంది" అని. వేలితో నిమరొద్దు, ఆ నిమురుడు వాళ్ల చర్మానికి ఎక్కువైపోతుంది. ఒక అరచెయ్యి తల చుట్టూ, ఇంకో అరచెయ్యి పాదాల దగ్గర దొన్నెలా పెట్టి కదలకుండా ఉంచండి. కడుపులో గోడలు అలాగే ఉండేవి వాడికి. మాట్లాడండి, మెల్లగా. మీ గొంతు వాడికి కొత్త కాదు, లోపలున్నప్పుడే విన్నాడు. ఏం మాట్లాడాలి అంటారు, ఇంటి దగ్గర ఏం కూర వండారో చెప్పండి, ఏదో ఒకటి.

పాల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది మీ వార్డు సిస్టర్లు ఎలాగూ చెబుతారు. 34 వారాల ముందు పిల్లలకి చీకడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒక లయలో కుదరవు. అందుకే గొట్టంతో, తర్వాత ఉగ్గుగిన్నెతో పడతాం. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నే, ఆసుపత్రిలో పాలాడై అంటారు. పాలు పిండాలి, రెండు మూడు గంటలకోసారి, రోజుకి ఎనిమిది సార్లు, రాత్రి కూడా. మొదటి రోజుల్లో చుక్కలే వస్తాయి, ఆ ముర్రుపాల చుక్కలే ఈ పిల్లల పేగులకి రక్ష. "ఇంతేనా" అని ఎవరూ ఆమె ముందు అనొద్దు, ఆ మాటకే పాలు తగ్గిపోతాయి. బిడ్డని పట్టుకోలేని రోజుల్లో తల్లి బిడ్డకి చేయగలిగిన పని అదొక్కటే, నర్సులు చేయలేనిది, డాక్టర్లు చేయలేనిది. ఆ చిన్న సీసా మీద పేరు రాసి ఇచ్చేటప్పుడు తల్లి నడక మారడం నేను చూశాను. తేనె నాకించకండి. సాంబ్రాణి పొగ ఈ పిల్లలకి వద్దు, ఊపిరితిత్తులు తట్టుకోలేవు. కాళ్ల మీద వేసుకుని గట్టిగా మర్దనా చేసే స్నానం, కాస్త బరువొచ్చి డాక్టరు సరే అనేదాకా ఆపండి.

నాన్నలు. మీలో చాలామంది వెనక నిలబడ్డారు, చూస్తున్నాను. ఆసుపత్రిలో కూడా ఇలాగే కారిడార్లో నిలబడి ఉంటారు, బిల్లులు, మందుల చీటీలు, ఊళ్లో అప్పు, అన్నీ తల మీద. లోపలికి రమ్మంటే "మాదేముందండీ" అంటారు. మీ గుండె కూడా వెచ్చగానే ఉంటుంది. తల్లికి జ్వరం వచ్చిన రోజు, ఆపరేషన్ నొప్పి ఉన్న రోజు, స్నానానికి వెళ్లిన గంట, మీరు పెట్టుకోవచ్చు. అమ్మమ్మ, నాయనమ్మ కూడా పెట్టుకోవచ్చు. బొగోటాలో 1990లలో పుట్టిన అలాంటి పిల్లల్ని ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ పిలిచి చూశారు, 2017లో ఆ వివరాలు వచ్చాయి. కంగారూ పద్ధతిలో పెరిగినవాళ్లలో దూకుడు, నిలకడ లేకపోవడం తక్కువగా ఉన్నాయి, వాళ్ల ఇళ్లలో తల్లిదండ్రులు పిల్లల్ని ఎక్కువ పట్టించుకునేవాళ్లుగా ఉన్నారు. తల్లిదండ్రులు మారారు, అది నాకు ముఖ్యం.

ఇంటికి వెళ్లాక వచ్చే ఇబ్బంది వేరు. పక్కింటి పిల్ల మూడో నెలలో నవ్వింది, మా వాడు నవ్వడం లేదు అని టెన్షన్. లెక్క ఇలా వేసుకోండి. రెండు నెలలు ముందు పుడితే ఆ రెండు నెలలు తీసేయాలి. నాలుగు నెలల పిల్లాడు రెండు నెలల పిల్లాడి కింద లెక్క. రెండేళ్లు వచ్చేదాకా ఇలాగే చూడాలి. ఆ నవ్వు వస్తుంది, దాని తేదీకి అది వస్తుంది. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే, అందులో నెలలు తగ్గించకూడదు. నెల రోజులకి కంటి డాక్టరుకి తప్పకుండా చూపించండి, రెటీనా పరీక్ష, చెవి పరీక్ష కూడా, ఇవి వాయిదా వేసేవి కావు.

ఇంకో విన్నపం. మన తెలుగులో ఎవరికైనా బుద్ధి తక్కువంటే "నెల తక్కువ వెధవ" అని తిడతాం. ఆ తిట్టు ఆపేయండి, కనీసం ఈ తల్లుల ముందైనా. మా అబ్బాయికి ఎనిమిదేళ్లప్పుడు స్కూల్లో ఎవరో మరొకర్ని అలా తిడుతుంటే విని, ఇంటికొచ్చి "అమ్మా, నేను కూడా అదేనా?" అని అడిగాడు.

తల్లి రోజుల తరబడి నిద్రపోకపోయినా, తిండి మానేసినా, బిడ్డ వైపు చూడకపోయినా, చచ్చిపోవాలనిపిస్తోంది అన్నా, దాన్ని బాలింత నీరసం అని కొట్టిపారేయకండి. ఐసీయూలో బిడ్డ ఉన్న తల్లుల్లో ఈ దిగులు మామూలు బాలింతల కంటే ఎక్కువ. ఇది జబ్బు, మందు ఉంది. 14416 అని టెలి మానస్ నంబరు ఉంది, గవర్నమెంటుది, ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు. మీ డాక్టరుకి కూడా చెప్పండి. ఆశా అమ్మాయిలూ, మీరు ఇంటికెళ్లినప్పుడు బిడ్డ బరువుతో పాటు తల్లిని కూడా ఒక్క ప్రశ్న అడగండి, "నువ్వెలా ఉన్నావమ్మా" అని, అత్తగారు పక్క గదిలోకి వెళ్లాక.

ఇక మాటలు చాలు, చేసి చూపిస్తాను. ఇదిగో బొమ్మ తెచ్చాను, లోపల ఇసుక పోసి సరిగ్గా 1240 గ్రాములు చేశాను. మెత్తటి నూలు చీర కూడా ఉంది. ఎవరైనా ఒక నాన్న రావాలి. ఆ స్తంభం దగ్గర నీలం చొక్కా బాబూ, మీరే, రండి. సిగ్గేం లేదు. మీ బిడ్డ ఇంకా వార్డులోనే ఉందా? ఎన్ని రోజులైంది? పన్నెండా. ఒక్కసారైనా ఎత్తుకున్నారా?

సరే. పై గుండీలు మూడు తీయండి. చేతులు ఇలా పట్టండి, దొన్నెలాగా. తల నా చేతిలో ఉంది, నేను వదలను. ఆ, నిదానంగా. ఇప్పుడు మీరు పట్టుకోండి.